గుయ్ బాబాయ్ జరిపిన దీవి

టీ కొట్టు బల్ల మీద ఎనిమిది ఫొటోలున్నాయి. కత్తెర గుయ్ బాబాయ్ చేతిలో ఉంది. ఎనిమిదో ఫొటో ఎదురుగా కూర్చున్న మేయ్‌జూ తీసింది.

తీరం వెంట ఊళ్ల ఫొటోలు ఏరి జిల్లా కేంద్రంలో గోడకెక్కిస్తారట. చక్కగా సరిచేసి పన్నెండు గంటల బస్సులో పంపమని ఊరి కమిటీ ఆ పని గుయ్‌కి అప్పగించింది. పదేళ్లుగా కొండ మీద బారులు తీరే ఫొటోగ్రాఫర్ల కోసం కింద బురదలో నిలబడి వల విసురుతూ ఫోజులిచ్చేది అతనే మరి.

మేయ్‌జూ ఫొటోలో ఉన్నది ఆమె అత్తగారు. నీళ్లు వెనక్కి పోయిన బురదలో, మనకి వీపు పెట్టి, సరిగ్గా నడిమిలో నిలబడింది. ఇటు ఏమీ లేదు. అటు ఏమీ లేదు. కిందటి తుఫానులో వెళ్లిన కొడుకు పడవ ఎటునుంచి వస్తుందో ఆవిడకి తెలియదు. మేయ్‌జూకీ తెలియదు. వెళ్లింది ఆమె మొగుడు.

"ఇదిగో, ఈ ఎడమవైపు ఖాళీ కోసేస్తే సరి," అన్నాడు గుయ్. "ముసలమ్మ మూడోవంతుకి వస్తుంది. అప్పుడు చూడు నీ ఫొటో!"

"కొయ్యొద్దు బాబాయ్."

"ఏం?"

"ఆ ఖాళీ కోసమే తీశాను."

గుయ్ నవ్వాడు. కత్తెర తెరిచే ఉంచి, రెండో చేత్తో నాలుగు వేరుశనగ పలుకులు నోట్లో వేసుకున్నాడు. కథ వస్తోందని కొట్టులో వాళ్లంతా బల్లలు దగ్గరికి లాక్కున్నారు.

"రూలు తెలీకపోతే ఇంతేనమ్మాయ్. నాకు మాత్రం తెలుసా? షాంఘై నుంచి ఒక ఫొటోల మాస్టారొచ్చి కాగితాన్ని మూడేసి వంతులు చేస్తూ నాలుగు గీతలు గీశాడు, మన లిపిలో బావికి రాసే అక్షరంలాగే, రెండు నిలువు, రెండు అడ్డం, గీతలు కలిసే చోట నిలబడు గుయ్ అన్నాడు, నిలబడ్డా, అంతే, నలభై కెమెరాలు ఒక్కసారి టకటకటక! నిజమా కాదా?"

"నిజమే," అంది కొట్టు యజమానురాలు ఆఫెన్. ఆ నలభై మందికీ టీ పోసింది తనే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు ఒక కొంగ వచ్చి నా పక్కనే వాలింది. తప్పు చోటు! ఇటు రావే అన్నా, వినదే. అప్పుడు గీతల కాగితం తీసి ముందు పెట్టా. తల వంచి ఆసాంతం చదువుకుంది, మూడడుగులు వేసి గీత మీద నిలబడింది."

"కొంగకి చదువొచ్చా?" పీతల బుట్ట దింపుకుంటూ అడిగాడు జెంగ్.

"నీకంటే బాగానే వచ్చు, మధ్యలో రాకు. సరే, కొంగ కుదిరిందా, ఇటు చూస్తే సూర్యుడు నడిమిలో లేస్తున్నాడు, నడిమిలో ఉన్నదేదైనా చచ్చిన ఫొటోయే అని మాస్టారు చెప్పాడాయె, ఏమండీ కాస్త కుడికి అన్నా, పెద్దాయన కదా, మర్యాదగానే అన్నా. జరిగాడు! ఆ రోజు ఊళ్లో నీడలన్నీ వంకరగా పడ్డాయి, గుర్తు లేదూ?"

"ఆ రోజు నాకు పడిశం పట్టింది," అంది ఆఫెన్.

"చూశావా, అందుకే పట్టింది! ఇంతా చేస్తే ఏముంది, ఎదురుగా దీవి! అదీ నడిమిలోనే! దీవికి చెవులుండవు కదా, చెబితే వినడానికి? వల విసిరా. విచ్చుకుంటూ విచ్చుకుంటూ పోయి ఈ కొస నుంచి ఆ కొస దాకా కప్పేసింది. తాడు గేదెకి కట్టా, గేదె ఒక అడుగు, నేనొక అడుగు, కిర్రుకిర్రుమంటూ పక్కకి జరిగింది దీవి, చెట్లూ మేకలూ బట్టలారేసుకుంటున్న ఒకావిడతో సహా! మెల్లిగా లాగు నాయనా, దండెం తెగుతుంది అని ఒకటే కేకలు ఆవిడ!"

"ఓహో, ఆ దీవిలో మా పిన్ని ఇంటికి పడవలో పావుగంట ఎక్కువ పట్టేది అందుకా!" అన్నాడు జెంగ్. కొట్టంతా ఘొల్లుమంది.

మేయ్‌జూ నవ్వలేదు. ఆమె చూపు కత్తెర మీదే ఉంది.

"ఇంకా అవలేదు, ఆకాశం నాలుగు మూరలు ఎక్కువైంది. అంచు పట్టుకుని దుప్పటి మడిచినట్టు మడిచి కొండ వెనక దోపేశా." గుయ్ ఫొటో అందుకున్నాడు. "దీవే జరిగిందమ్మాయ్ రూలుకి. మీ అత్త జరగదా?"

కత్తెర నోట్లో మేయ్‌జూ చెయ్యి పెట్టింది.

"బాబాయ్, ఆ వలలో ఒక్క చేపన్నా పడిందా?"



"చేపా?" గుయ్ తడబడ్డాడు. "దానికి సీసం గుళ్లు పీకేశాం కదమ్మా. ఉంటే బుడుంగున మునుగుతుంది. లేకపోతేనే గాలిలో విచ్చుకుని కాసేపు నిలుస్తుంది. కెమెరాలకి కావలసింది అదేగా."

"చేపల కోసం విసిరింది కాదన్నమాట."

"కాదు."

"నేనిది చేపల కోసమే విసిరాను." ఆమె చెయ్యి తియ్యలేదు. "పన్నెండు రేవుల వాళ్లు వస్తారు ఆ గోడ దగ్గరికి. ఆవిడ ఎవరి కోసం చూస్తోందని ఒక్కడు ఆగి అడిగితే చాలు. ఎక్కడో ఆ పడవని చూసినవాడు."

జెంగ్ బుట్టలో పీతలు గరగరలాడాయి.

గుయ్ కత్తెర మూసి బల్ల కింద పెట్టాడు. చొక్కా జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు.

"పడవ నంబరు చెప్పమ్మా."

మేయ్‌జూ చెప్పింది. ఐదు అంకెలు. తుఫాను తర్వాత వాటిని పైకి అనడం అదే మొదటిసారి. నాలుగో అంకె దగ్గర ఆగి ఫొటో వైపు చూసింది. ఆఫెన్ వచ్చి వెనక నిలబడింది.

గుయ్ మళ్లీ అడగలేదు. ఆగాడు. ఐదోది వినిపించాక, ముసలమ్మ పాదాల కింద, ఫొటో తెల్లటి అంచు మీద, సరిగ్గా నడిమిలో రాశాడు.