అవ్వది కాని వాచి

హలో… అక్క? ఆ, నేనే. ఎస్తర్‌ను. బోధన్ నుంచే చేస్తున్న.

… తిన్న. నువ్వు తిన్నవా?

… హర్షిణి మంచిగనే ఉంది. సోమవారం నుంచి దవఖానాల డ్యూటీ. నర్సు డ్రెస్సు కుట్టిచ్చుకున్నది, రోజుకు నాలుగుసార్లు తొడిగి సూసుకుంటుంది. గందుకే చేసిన ఫోను. అవ్వ వాచి నా బిడ్డకు పెడదామనుకున్న. కొత్త నౌకరీ కద, అమ్మమ్మది చేతికి ఉంటే మంచిగుంటదని.

… లేదు, ఇంకా పెట్టలే. కీ ఇచ్చే బొడిపె ఊడింది. బస్టాండు కాడ రామ్‌దాస్ లేడా, వాచీలు బాగుచేసే ముసలాయన — ఆయన దగ్గరికి తీస్కపోయిన.

… ఏం కాలే. జెర కూసొని ఇను.

… కూసున్నవా? సరే.

ఆయన కంటికి అద్దం పెట్టుకొని వెనక మూత తీసిండు. గీ బొడిపె దొరకాలంటే మోడల్ తెల్వాలె, ఎప్పటిదమ్మా ఇది అని అడిగిండు. నేను టక్కున చెప్పిన. డెబ్బై నాలుగుల మా బాపు కొన్నడు, షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీల ఫిట్టరుండె, గా ఏడు బోనస్ వస్తె నిజామాబాద్ పోయి మా అవ్వకు తెచ్చిండు అని.

ఆయన ఇంకింత సేపు సూసి, 'ఇది మీ బాపు కొన్నది కాదమ్మా' అన్నడు.

… ఆగు. చెప్పనియ్యి.

కంపెనీది పాత బొమ్మల పుస్తకం తీసిండు. ఒక పేజీల అవ్వ వాచి ఉంది. గుండ్రటి మొకం, అంకెలు లేవు, ఉత్త గీతలే. ఇంకో పేజీల నేను తీస్కపోయినది. రెండు పక్కపక్కన సూస్తె ఒక్కతీరే. గని పాతదానికి ముల్లులు సన్నగుంటయి, దీనికి జెర లావు. లోపల మిషన్ గూడ వేరే. గీ మోడల్ కంపెనీ తీసిందే ఎనభై ఎనిమిదిల అట.

బాపు సచ్చిపోయింది ఎనభై మూడుల, అక్క.

పోయిన మనిషి ఐదేండ్లకు లేచొచ్చి వాచి ఎట్ల కొంటడు?

… ఆయన పొరపాటు వడ్డడేమో అనా? నేనూ గట్లనే అనుకున్న. మల్ల సూడమన్న. మల్ల సూసిండు. అదే మాట.

… ఏ షాపు? నువ్వు నిజామాబాద్‌ల సర్వీసుకు ఇచ్చిన షాపా? వాండ్లు మార్చిండ్రు అంటవా?

… అయితే ఏ షాపో చెప్పు. రేపు పొద్దుగాల బస్సుకు వస్త. ఇద్దరం పోయి అడుగుదం.

… మూసేసిండ్రా. ఎప్పుడు?

… పోనీ, షాపు పేరు?

… యాదికి లేదు. సరే.

అక్క… మొన్న నీ బిడ్డ రుచిత ఎంగేజ్‌మెంట్ ఫొటోలు నువ్వే పంపినవు కద వాట్సాప్‌ల. రామ్‌దాస్ గా బొమ్మ సూపెడితే, గీ సన్న ముల్లులది ఈ నడుమనే ఏడనో సూసిన్నే అనిపించింది. అక్కడనే ఫోన్ తీసి ఎతికిన. ఉంగరం పెడుతున్న ఫొటో. ఆయన పెద్దగ చేసి సూసిండు. పిల్ల చేతికున్నదే డెబ్బైల మోడల్ అన్నడు. నేను అడగకముందే అన్నడు.

… ఊఁ. ఇంటున్న. చెప్పు.

… అవును, పెద్దబిడ్డవు నువ్వే. … అవును, వాచి కొననీకి పోయిననాడు బాపు నిన్ను భుజం మీద కూసోవెట్టుకొని పోయిండు. అవ్వ చెప్తుండె. … 'నా తర్వాత వాచి ఎస్తర్‌కు' అని అవ్వనే అన్నది. మంచంల వడ్డప్పటి నుంచి కడిగింది తుడిసింది నేను, గందుకన్నదేమో. నేను అడగలే.

… నేను ఇయ్యననుకున్నవా? అడిగినవా అక్క? ఒక్కసారన్న, చెల్లె, గది నాకు గావాలె అని? ఇస్తుంటి. ఏడుస్తుంటినేమో గని, ఇస్తుంటి.

… కాదు, కాదు. నేను వాచి కోసం చేయలే ఫోను. ఆగు, నన్ను చెప్పనియ్యి.

నువ్వు సర్వీసు అని తీస్కపోయి పదిహేను రోజులకు గీ వేరేది తెచ్చి అవ్వ చేతికి కట్టినవు. అప్పటికే ఆమెకు కండ్లు కనవడకపోతుండె. గా సాయంత్రమే చెవి కాడ పెట్టుకొని, 'గిది నాది కాదు బిడ్డ' అన్నది.

… రోజూ అన్నది అక్క. లేస్తె గదే మాట. నాది గిట్ల సప్పుడు చెయ్యది, నాదేడుంది అని. దిండు కింద తడిమేది. బొంత దులిపేది. ఇంటికి ఎవ్వలొచ్చినా అడిగేది. నేను కసిరిన. నీకు మతి పోయింది అవ్వ అన్న. పాస్టర్ అయ్యగారు వస్తె ఆయన ముంగటనే చెప్పిన, మా అవ్వకు మతి తప్పింది, ప్రార్థన చేయుండ్రి అని. అవ్వ ఇంటనే ఉంది. కొంగు మొకం మీదికి గుంజుకొని గోడ దిక్కు తిరిగి పండుకున్నది.

డాక్టర్‌కు గూడ గదే చెప్పిన. ఆయన మతికి గోలీలు రాసిండు. ఏసిన. అవి మింగినంక రోజంత మత్తుల ఉండేది, మాట ముద్దముద్దగ వచ్చేది. వాచి సంగతి అడుగుడు బందు చేసింది. నయమైంది అనుకున్న నేను.

… ఏడ్వకు. ఇప్పుడు ఏడిస్తె ఎవ్వలింటరు.

క్రిస్మస్‌కు వచ్చినప్పుడు నువ్వు మంచం మీద కూసున్నవు, అవ్వ చెయ్యి పట్టుకొని. నిన్ను అడిగింది. 'సలోమి, నువ్వన్న నిజం చెప్పు, ఇది నాదేనా' అని. నీదే అవ్వ అన్నవు. నేను గోలి తెచ్చిన. నీళ్ల గిలాస అందిచ్చింది నువ్వు.

… నువ్వే.

… వాచి ఉంచుకొనైనా చెప్పేదుండె. నన్ను ఇవతలికి పిలిచి, గోలి ఆపు ఎస్తర్, అవ్వ అనేది నిజమే అని ఒక్క మాట. నేను నిన్ను కొడుతుంటినా? గాలికి పోతుండె వాచి. ఫిబ్రవరిల అవ్వ పోయింది. రెండు నెలలు ఉండె నీకు, చెప్పనీకి.

… తెస్తవా? వద్దు. పిల్ల చేతికెల్లి తీసి దానికేం చెప్తవు? ఉండనియ్యి. పెండ్లికి వస్త. రుచిత ఏం చేసింది పాపం, దీవించి వస్త. నీ ఇంట్ల మాత్రం నీళ్లు తాగ.

… హర్షిణికా? ఇదే పెడ్త. రామ్‌దాస్ ఏడనో ఎతికి బొడిపె ఏసిండు, నడుస్తుంది. ఎవ్వల్దని అది అడిగితే, అమ్మమ్మది కాదని చెప్త. అవ్వ చెప్పిన గా మాట ఇంట్ల ఒక్కలన్న నమ్మాలె కద.

… లేదు. ఇగ ఏం లేదు చెప్పనీకి. ఉంట, సలోమి.

… ఆ. పేరు వెట్టే పిలిచిన.

… పెడుతున్న.