రంగుల మిల్లు వీధి జనాభా లెక్క

కాలేజీ గేటు ఎదురుగా ఉన్న టీ కొట్లోంచి ఫిరంగి గొంతు వినబడగానే ఎకనామిక్స్ మేడం తల పట్టుకుంది. ఫిరంగి పరాయివాడేం కాదు, స్వయానా ఆమె అక్క మొగుడు. పేలుడే తప్ప గురి ఉండదని నలుగురూ కలిసి పెట్టిన పేరది.

ఊరొదిలి ఎవరు పోతున్నారు, ఎవరొస్తున్నారు, పోయేవాళ్ళు ఏ చదువు, ఏ పనితనం వెంట తీసుకుపోతున్నారు అని మూడేళ్ళుగా ఆమె పరిశోధన చేస్తోంది. "మీ బావ ఇంట్లో కూర్చుని నా బుర్ర తింటున్నారే, ఏదో ఒక వీధి అప్పగించవే తల్లీ" అని అక్క బతిమాలితే కాదనలేకపోయింది. రంగుల మిల్లు వెనక వీధి ఇచ్చింది. నలభై ఇళ్ళు.

ఆయన పూర్తి చేసి తెచ్చిన ఫారాలు చూసిన దగ్గర్నుంచీ ఆమెకు మనశ్శాంతి లేదు. ఆ వీధిలో పని లేనివాడు లేడు, చదువు రానివాడు లేడు, మంచాన పడ్డ ముసలివాడైనా లేడు. రేపు నివేదిక పంపాలి. బావని నిలదీద్దామని కట్ట చంకన పెట్టుకుని వస్తే, ఇక్కడ ఈ కచేరీ.

"నా గొప్ప నేనే చెప్పుకోకూడదు గానీ, నేను లేకపోతే మా మరదలి పరిశోధన అడుగు కదిలేది కాదు," అంటున్నాడు ఫిరంగి. "నలభై ఇళ్ళు, ఒక్క పూటలో. మొదటి ఇంటి తలుపు తట్టానా, ఆ చప్పుడుకే మిగతా ముప్పైతొమ్మిది తలుపులూ వాటంతటవే తెరుచుకున్నాయి!"

"బావగారూ, ఒక్క నిమిషం..."

"రా అమ్మాయ్, కూర్చో. నీ గురించే చెబుతున్నా. ఫారం తీశాను. ఇంట్లో ఎంతమంది అన్నాను. ఐదుగురన్నారు. ఐదు వేసేలోగా లోపల్నుంచి కేర్‌మని ఏడుపు. కొట్టేసి ఆరు వేశాను. మళ్ళీ కేర్! కవలలు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను కలం ఎత్తితే చాలు ఆ వీధిలో ఎవరో ఒకరు పుట్టడమే. ఇలా అయితే జనాభా ఆగదని కలం జేబులో పెట్టేసి, మిగతాదంతా నోటితోనే లెక్కగట్టాను."

"మరి ఫారాల మీద రాసిందెవరండీ?" టీ కాచే ఆయన గ్లాసు కడుగుతూ అడిగాడు.

"కథకి అడ్డు రాకయ్యా. తర్వాతింట్లో ఒక ముసలమ్మ. అక్షరమ్ముక్క రాదు. మా మరదలి ఫారంలో ప్రశ్నలు మీరు చూళ్ళేదు, చాంతాడంత. నేను చదువుతుంటే ఆవిడ వింది. పన్నెండో ప్రశ్నకి ఓనమాలు వచ్చేశాయి. ముప్పయ్యో ప్రశ్నకి పదో తరగతి ప్యాసు! ఆఖరి ప్రశ్నలో నేను చేసిన తప్పు ఆవిడే దిద్దింది."

పక్కనున్న కాలేజీ టైపిస్టు పొలమారి టీ అంతా చొక్కా మీద పోసుకున్నాడు. మేడం కణతలు నొక్కుకుంది. ముసలమ్మ చదువు, పదో తరగతి. ఆ ఫారం తన చంకలోనే ఉంది. దాన్ని తను లెక్కల్లోకి ఎక్కించింది కూడా.

"అసలు సంగతి వినండి. వీధి చివర మూడు బస్సులు. జనం మూటాముల్లే సర్దుకుని ఎక్కుతున్నారు. ఆగండర్రా అన్నాను. మానవ మూలధనం గురించి ఓ పావుగంట దంచాను. మీ చేతిలో పని, మీ తలలో చదువు, అదే అసలు ఆస్తి, అది పట్టుకుపోతే ఊరేం కావాలి అన్నాను. అంతే! బావురుమన్నారు. మూటలు దింపేశారు. బస్సులు ఖాళీగా వెళ్ళాయి. మర్నాటి నుంచి ఎక్కేవాడు లేక బస్టాండే మూసేశారు. ఇప్పుడక్కడ మేకలు మేస్తున్నాయి, కావాలంటే వెళ్ళి చూసుకోండి!"

"నేనిప్పుడు ఆ బస్టాండు నుంచే వస్తున్నానయ్యా," అందో గొంతు.

బల్ల చివర టీ తాగుతున్న కుట్టుపనావిడ. ఒడిలో చిన్న సంచీ, అందులోంచి కత్తెర పిడి కనబడుతోంది.

"మాది ఆ వీధే. మిల్లు మూశాక ఒక్కో ఇల్లే ఖాళీ అయింది. మూణ్ణెల్ల కిందట ఆఖరి తాళం వేసింది నేనే. ఇవాళ మిషను పట్టుకుపోదామని వచ్చాను. ఏ ముసలమ్మని చూశావు నాయనా నువ్వు?"

ఫిరంగి తల దించుకున్నాడు.

"బావగారూ, అసలు వెళ్ళారా?"

"వెళ్ళానమ్మాయ్. ఒట్టు. ఈ చివర్నుంచి ఆ చివరికి అన్నీ తాళాలే. రెండు రోజులు తిరిగాను. తెల్ల కాగితాలు తెచ్చిస్తే మీ అక్కా నువ్వూ ఏమంటారు? వీడు ఏ టీ కొట్లోనో కూర్చుని వచ్చాడంటారు. నలభై తాళాలంటే ఎవరు నమ్ముతారు, అందులోనూ నేను చెబితే?"

"ఖర్మ!" మేడం కట్ట బల్ల మీద కొట్టింది. "మూడేళ్ళుగా నేను వెతుకుతున్నది ఆ తాళాల కోసమే బావగారూ! ఉన్నది ఉన్నట్టు ఒక్క ముక్క, మీ జన్మలో ఒక్కటంటే ఒక్క ముక్క చెప్పి ఉంటే..." కట్టలోంచి నలభై ఫారాలూ లాగి నిలువునా చించేసింది. నివేదిక రేపు వెళ్ళదు. ఎప్పుడు వెళ్తుందో కూడా తెలియదు.

కాసేపటికి కుట్టుపనావిడ వైపు తిరిగింది. "అమ్మా, వాళ్ళంతా ఎక్కడికి వెళ్ళారో మీకు తెలుసా?"

"తెలియకేం? అందరి బట్టలూ కుట్టినదాన్ని."

మేడం కొత్త ఫారం తీసి బావ ముందు పెట్టి, కలం చేతిలో కుక్కింది. "ఆవిడ చెప్పింది రాయండి. ఒక్క అక్షరం ఎక్కువైనా అక్కతో చెబుతాను."

"మొదటిల్లు రంగులాయనది," మొదలుపెట్టిందావిడ. "మొగుడూ పెళ్ళాం, ఇద్దరాడపిల్లలు. కొలత లేకుండా కంటిచూపుతో ముప్పైరెండు రంగులు కలిపేవాడు. ఇప్పుడు ఓడరేవులో బస్తాలు మోస్తున్నాడు."

ఫిరంగి కలం ఆగింది. ఆవిడ వైపు చూశాడు, మరదలి వైపు చూశాడు.

"ముప్పైరెండా?" అన్నాడు గొంతు తగ్గించి. "ఇది మరీ కోతలా ఉంటుందేమో అమ్మాయ్, పది వెయ్యనా?"