ఆగడానికి చోటు

శాసనసభలో రోడ్డు భద్రత బిల్లు చర్చకు రావడానికి కాస్త ముందు, దాన్ని ప్రవేశపెట్టిన సభ్యురాలు వరండాలో మరిదిని ఆపింది. అతను అవతలి పార్టీ సభ్యుడు.

“నా బిల్లుకి అడ్డం పడుతున్నావట?”

“పడతాను వదినా. లారీ డ్రైవరు కొన్ని గంటలు నడిపాక బండి ఆపి పడుకుని తీరాలన్నావు. ఎక్కడ ఆపాలో రాశావా? రోడ్డు పక్కన ఆపితే వెనకనుంచి ఇంకొకడొచ్చి గుద్దుతాడు.”

ఆమె ఇన్నాళ్ళూ కష్టపడి రాసిన బిల్లులో ఆ మాటే లేదు.

“ప్రమాదం జరిగిన రోజు మీ అన్నయ్య కూడా కునుకు పడుతోందని బండి ఆపుదామనే చూశాడు,” అంది నెమ్మదిగా. “చోటు దొరకలేదని నాతో చెప్పాడు. నేనెలా మరిచిపోయాను?”

“నాకూ చెప్పాడు. అందుకే అడుగుతున్నా.”

“అయితే ఆ చోట్లు ప్రభుత్వమే కట్టించాలని సవరణ నువ్వే పెట్టు. నేను ఒప్పుకుంటాను.”

“మావాళ్ళు నన్ను నమిలి మింగేస్తారు.”

“నీ పేరు మీద నెగ్గితే వాళ్ళే దండలేస్తారు.”

అతనికి నవ్వొచ్చింది. “అన్నయ్య వచ్చాడా?”

“పైన గ్యాలరీలో ఉన్నాడు. చంకకర్రలతో మెట్లన్నీ తనే ఎక్కాడు, నన్ను చెయ్యి కూడా వెయ్యనివ్వలేదు.”

లోపల స్పీకరు వచ్చిన అలికిడైంది. అతను తలుపు తెరిచి పట్టుకున్నాడు.

“పద వదినా, ముందు నేనే మాట్లాడతా. నేను లేవడం చూసి అన్నయ్య కంగారుపడతాడు. నువ్వొకసారి పైకి చూసి నవ్వు.”