బెంచీ మీద గౌతమి

పలాసలో కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఫైనల్. సగం ఆట అయ్యేసరికి ప్రత్యర్థి టెక్కలి జట్టు తొమ్మిది పాయింట్లు ముందుంది. ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకుని నేరుగా మైదానానికి వచ్చిన పైడయ్య, తన కూతురు గౌతమి ఇంకా బెంచీ మీదే ఉండడం చూసి, కోచ్ భానుమూర్తిని గోడవారకి పిలిచాడు.

"అది కాదు మేస్టారూ. నానడిగిందేటి, మీరు సెప్తన్నదేటి?"

"ఎవరిని ఎప్పుడు దింపాలో దానికో పద్ధతుంటుంది పైడయ్యగారూ."

"ఏటా పద్దతి? మొన్న మందసోల్ల మీద నాలుగంటే నాలుగు నిమిషాలు దింపారు. మూడు బాస్కెట్లేసింది. అవునా, కాదా?"

"అవును."

"ఇయాల ఓడిపోతన్నారు. అయినా నా గుంట మిగతా గుంటలకి తువ్వాళ్లందిత్తన్నాది."

"ముందు మీరు కూర్చోండి. చేతి కట్టు నెత్తురుతో తడుస్తోంది."

"సెయ్యి సంగతొగ్గీండి. గౌతమి సంగతి సెప్పండి."

"రెండో సగంలో చూద్దాం."

"సూద్దామంటే? దింపుతారా, దింపరా?"

"చూద్దామన్నాను కదా."

"పోనీ, నాను సెప్పీనా? మీ సాహితి ఇప్పటికి మూడుసార్లు బంతొగ్గీసింది. మీ కూతురు గనక ఆడతన్నాది. నాది సేపలోల్ల పిల్ల గనక బెంచీ మీద కూకున్నాది."

"ఆ మాట అనకండి."

"అంతాను. ఎందుకననూ?"

"ఏమైనా అనండి. ఆ మాట మాత్రం వద్దు."

"మరేటో మీరే సెప్పండి. పొట్టిదా? పరిగెట్టలేదా? సెప్పింది ఇనదా?"

"జట్టులో అందరికన్నా బాగా ఆడుతుంది."

"మీరే అంతన్నారు."

"అంటున్నాను. కానీ..."

"కానీ ఏటి?"

"నన్నడక్కండి."

"మిమ్మల్నడక్క ఎవుల్నడగాలి? అల్లక్కడ కుర్చీల్లో కూకున్న సెలెక్టర్లనడగనా?"

"వాళ్ల దగ్గరికెళ్లకండి. దయచేసి."

"అడిగితే మీ బండారం బయటడతాదనా?"

భానుమూర్తి కూతురు సాహితి చెమట తుడుచుకుంటూ అక్కడికి వచ్చింది.

"నాన్నా, రెండో సగానికి ఇంక మూడు నిమిషాలే ఉంది. ఏమైంది?"

"ఏం లేదు. నువ్వెళ్లు."

"ఉండమ్మా. నువ్వు సెప్పు. గౌతమి నీకన్నా తక్కువాడతాదా?"

"ఎక్కువే ఆడుతుంది అంకుల్."

"సాహితీ, వెళ్లమన్నానా?"

"ఎన్ని మాటలు పడతావు నాన్నా? అందరూ నిన్నే అంటున్నారు."

"మాటిచ్చాం కదమ్మా."

"నువ్విచ్చావు. నేనివ్వలేదు. అంకుల్, బెంచీ మీద కూర్చుంటానని గౌతమే అడిగింది."

"అబద్దం."

"సెలెక్టర్లు పేరు రాసుకుంటే విజయవాడలో నలభై రోజుల క్యాంపు. వారానికి రెండుసార్లు మిమ్మల్ని మిషను దగ్గరికి ఎవరు తీసుకెళ్తారని ఏడ్చింది. ఓసారి ఒక్కరూ వెళ్లి బస్సులో పడిపోయారట కదా."

"అది... అది ఎప్పటి మాటో."

"పోయిన నెల మాట, అంకుల్. ఇవాళ కూడా మిమ్మల్ని ఆసుపత్రిలో దింపాకే ఆటకొచ్చింది."

"ఇదేటి మేస్టారూ? నిజమేనా?"

"నిజమే. ఆ నలభై రోజులూ మిమ్మల్ని నా బండి మీద నేనే తీసుకెళ్తానన్నాను. ఒప్పుకోలేదు. మీరు చెబితే వింటుంది."

"నలబై రోజులేనా?"

"అక్కడ బాగా ఆడితే హాస్టల్లో సీటు కూడా ఇస్తారు. చదువూ ఆటా అక్కడే."

"అంటే, మరి రాదా?"

"సెలవులకొస్తుంది."

"గౌతమి తల్లి మంగ పోయినకాడ్నించీ ఇంట్లో మేమిద్దరమే మేస్టారూ."

"నాకు తెలుసు. అందుకే నేనున్నానంటున్నాను."

"మీరు ఆసుపత్రికి తీసుకెల్తారు. ఆనక ఇంటికెల్లాక?"

"నాన్నా, విజిలేశారు. అంకుల్, గౌతమిని ఇలా పిలవనా? మీరొక్క మాటంటే చాలు, దిగుతుంది."

"ఉండమ్మా."

"టైం లేదు అంకుల్. పిలవనా?"

"పిలవకమ్మా. నానొచ్చినట్టు దానికి సెప్పకండి మేస్టారూ. ఈ ఒక్కాటకీ... దాన్నక్కడే కూకోనీండి."