ఇప్పలగూడ: ఇండ్లు సున్నా

బీజాపూర్‌లో ఒక సర్వే ఆఫీసు, మధ్యాహ్నం. ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకొచ్చింది సోమి. వాటిని కంప్యూటరుకు ఎక్కించినవాడు హరిబాబు. కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు. ఆమె నిలబడి ఉండగా కూర్చునే ధైర్యం హరిబాబుకూ లేదు.

“మళ్ళ సదువు.”

“సదివిన గద, సోమక్కా.”

“మళ్ళ సదువు అంటున్న!”

“ఇప్పలగూడ. ఇండ్లు... సున్నా.”

“సున్నా! నెల రోజులు కాళ్ళరిగేటట్టు తిరిగిన. నలభై రెండు ఇండ్లు. యాడ వోయినయ్?”

“నలభై ఒకటి, అక్కా.”

“నలభై రెండు.”

“ఫైల్ల నలభై ఒకటే. ఎటూ పోలె, అన్నీ కిష్టారం కింద ఉన్నయ్.”

“కిష్టారంల తలదాచుకున్నరు! ఊరు తగలవెట్టిన గొడవలల్ల అందరూ ఊరిడిసి ఇరవై ఏండ్లాయె. ఊరేంది అంటే పడుకునే ఊరొకటి, పండుం చేసే ఊరొకటి చెప్పిండ్రు. ఏటా ఆ కొత్త పంట పండుగకు అందరూ ఇప్పలగూడకే పోతరు. అందుకే రెండూ రాసిన.”

“అదే తంటా. ఎక్స్‌ఎంఎల్ ఫైల్ల ఇంటికో ట్యాగు. పేరు, ఊరు, మంది ఎందరు... ఇవన్నీ ఆ ట్యాగుకు యాట్రిబ్యూట్లు. ఒక ట్యాగుల ‘ఊరు’ ఒక్కసారే రావాలె.”

“రెండుసార్లు వస్తే చెప్పదా నీ మిషను?”

“చెప్తది...”

“చెప్పిందా?”

“రెండింటికల్లా ఫైలు పంపాలె అక్కా, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు...”

“చెప్పిందా, లేదా?”

“చెప్పింది. ఫైలు చదివే ప్రోగ్రాము ఉంటది, లైబ్రరీ అంటరు. అది నేను చదవనన్నది. ‘ఒకే యాట్రిబ్యూటు రెండుసార్లు ఉంది’ అని ఎర్రర్. ఒకటి దిద్దితే ఇంకోటి. నలభై ఒక్కసార్లు.”

“పానం లేనిదానికి తెలిసింది! నువ్వేం జేసినవ్?”

“ఆ లైబ్రరీతోటే మళ్ళ రాయించిన. ముందు ఇప్పలగూడ, దాని మీద కిష్టారం. అట్ల చేస్తే అరవదు. వెనక రాసింది ముందుదాన్ని తుడిచేస్తది.”

“అరవదని చేసినవ్.”

“తప్పే, అక్కా. ‘పండుం ఊరు’ అని ఇంకో యాట్రిబ్యూటు పెడితే అయిపోయేది. నిమిషం పని.”

“పెట్టు మరి!”

“పాత ఫైలు లేదు. దాని మీదనే సేవ్ చేసిన. కిష్టారపోళ్ళ ఇండ్లల్ల కలిసిపోయినయ్, ఏవి ఇప్పలగూడవో తెల్వది. నీ నోట్‌బుక్కు ఇటు తే.”

“నోట్‌బుక్కా? ట్యాబ్‌ల ఎక్కినంక అదెందుకని పండ్లికిలిస్తివి గద! పొయ్యిల వెట్టిన.”

“అయ్యో...”

“నీ అయ్యో ఎవనికి గావాలె? ఇండ్లు లేని ఊరికి అడవి పట్టా ఎవడిస్తడు? కూసో. నేను చెప్త, నువ్వు కొట్టు.”

“అన్ని ఇండ్లు యాదికుంటయా?”

“పండుంల పూజారి వరుసగా పిలుస్తడు, ఇంటికి దోసెడు బియ్యం. మా ఊర్ల చిన్నప్పటి సంది ఆ బియ్యానికి గంప పట్టింది నేను. కొట్టు. మొదటి ఇల్లు ముయా.”

“ముయా. కొట్టిన.”

“మాసా. తర్వాత ఇర్మె. మొగడు పోయిండు, ఆమె పేరే రాయి. మంగల్...”

“ఇగో, ఆఖరుకు గంగేతోటి నలభై ఒకటి అయినయ్. నేను చెప్పలె? ఇంక పది నిమిషాలే ఉంది, పంపుతున్న.”

“చెయ్యి తియ్యి! ఇంకోటుంది.”

“లేదక్కా, ఎర్రర్లు వచ్చినయే నలభై...”

“దానికి ఎర్రర్ రాదు. ఆ ఫారం నేను నింపలె, నువ్వే నింపినవ్. ఒక్క ఊరే రాసినవ్. భూషణం.”

“మా నాయనా? మాది కుంట ఊరు, అక్కా.”

“కుంట నుంచి ఇప్పలగూడకు కౌలుకు వచ్చిండు మీ నాయన. పూజారి పక్కిల్లే. ఊరిడిసిననాడు మూడేండ్ల నిన్ను చంకనేసుకొని ఏరు దాటించింది నేను. పిల్లగానికి చెప్పకు, భయపడతడని ఒట్టు వేయించుకున్నడు. ఇయ్యాల్టి దాక నోరు తెరవలె.”

“అమ్మ... అమ్మ కుంట దవాఖానల పోయిందన్నడు.”

“ఆ గొడవలల్లనే పోయింది. మీ అమ్మ యాదికి నిలబెట్టిన రాయి ఇప్పలగూడలనే ఉంది. ఏటా పని మీద పోతున్న అని నీతో చెప్పి, మీ నాయన పండుంకు వచ్చి నా గంపల దోసెడు బియ్యం పోస్తడు. ఇప్పుడు లెక్కవెట్టు, హరిబాబూ. నలభై ఒకటా, నలభై రెండా?”