ముందు చెప్పాల్సిన మాట

వరంగల్‌లో విచారణ గది బయట సారమ్మ, కోడలు మౌనిక కూర్చున్నారు. తమ ఊరి మున్సిపల్ కమిషనర్ తాగునీళ్ల ట్యాంకర్‌ను తన కొత్తింటి పనికి తిప్పుకున్నాడని సారమ్మ ఫిర్యాదు చేసింది. మౌనిక అతని ఆఫీసులోనే కాంట్రాక్టు ఉద్యోగి.

"కమిషనర్ సారు లోపల్నే కూసున్నడట అత్తమ్మా. ఆయన ముంగట్నే చెప్పాల్నట."

"చెప్త. వాడకట్టంత నీళ్లకు గోసపడ్డది."

"రేపు నా నౌకరీ తీసేస్తడు."

ఇంటికి ఆ జీతమే ఆధారం.

"నువ్వు వద్దంటే ఇంటికి పోదాం బిడ్డా. నేనే పొరపడ్డనని చెప్త."

అంతలో అటెండర్ సారమ్మను పిలిచాడు. కానీ మౌనికే లేచింది.

"నువ్వు కూసో అత్తమ్మా, ముందు నేను పోత. ట్యాంకర్ ఆయనింటికి పోంగ నువ్వు చూసినవ్, గంతే. పంపుమని ఆయన ఫోన్ చేసింది నాకే."