మొదటి సంతకం

ఆ ఫోటో సంచిలో పెట్టెయ్ పిన్నీ. చెప్తే వినవేంటి? ఫ్లెక్సీ వద్దు. మన సంఘం కుర్రాళ్ళకేం, ఫ్లెక్సీ అంటే చాలు, అన్నం మానేసి పరిగెడతారు. మధ్యలో బాబాయి బొమ్మ, పక్కన పిడికిలి, కింద "తొలి సంతకం యేసురత్నం గారిది" అనీ! ఆకాష్ అప్పుడే డిజైను కూడా పంపేడు. చూళ్ళేక ఫోను బోర్లించేను.

కూచో. ఆ కుర్చీ కాలు విరిగింది, ఇటొచ్చి బల్ల మీద కూచో. సంఘం పెట్టి ఆరేళ్ళయింది, ఒక మంచి కుర్చీ లేదు. పేరు మాత్రం యువజన చైతన్య సంఘం! నేను కన్వీనర్ని! రోజంతా ఏం చేస్తాననుకున్నావు? అర్జీలు రాస్తాను, జిరాక్సులు తీయిస్తాను, ఆఫీసు వరండాలో నిలబడి "సార్ ఉన్నారాండీ" అని అడుగుతాను. బయటికొచ్చి కాగితం పట్టుకుని ఫోటో దిగుతాం. ఫోటో గ్రూపులో పడకపోతే పోరాటం జరగనట్టే కదా మనకి!

అలా దిగిన అర్జీ ఫోటోనే కొంప ముంచింది. అదీ నేను పెట్టిందే. రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళు మా పేట బోర్లలోకి దిగిపోతున్నాయి, పిల్లల ఒళ్ళు పుళ్ళు పడుతున్నాయి అని రాసి, అరవై సంతకాలు చేర్చి, మొదటి పేజీ బాగా కనపడేలా పట్టుకుని మరీ దిగేను. సాయంత్రానికి అది గోవిందరాజులు గారి ఫోనులో ఉంది. ఆయన చెరువులకి కాపలా కాసే మనిషి పేరు అన్నిటికంటే పైన!

మర్నాడు బాబాయిని పిలిచి అడిగేరు కదా, "ఇది నీదేనా రత్నం?" అని. బాబాయి "ఆయ్, నాదేనండి" అన్నాడు. పన్నెండేళ్ళ కాపలా పని అక్కడితో సరి. ఇంకే చెరువు మీదా ఎవరూ రానివ్వలేదు. నిన్ను కూడా రొయ్యల షెడ్డులోంచి పంపేసేరు.

యాభై నాలుగేళ్ళ మనిషి మళ్ళీ కొబ్బరి దింపుకి వెళ్ళేడు. చెట్టెక్కి ఎన్నేళ్ళయిందో! మామిడికుదురు అవతల, మూడో చెట్టు మీంచి... సరే, ఆ మాటలొద్దు. నీకు నేను చెప్పేదేముంది.

ఇప్పుడు, రేపు ఎంక్వయిరీకి ఆఫీసర్లు వస్తున్నారనగానే, గోవిందరాజులు గారి గుమాస్తా మీ ఇంటికొచ్చేడంట. "ఆ సంతకం మీ ఆయనది కాదని ఒక్క మాట చెప్పమ్మా, షెడ్డులో పని మళ్ళీ ఇస్తాం" అన్నాడంట. నువ్వేమన్నావు? "నా మొగుడి సంతకం నాకు తెలీదా" అని గుమ్మంలోంచే పంపేసేవు. పేటంతా నీ మాటే చెప్పుకుంటున్నారు.

నాకు మాత్రం ముద్ద దిగట్లేదు పిన్నీ.

ఏంటలా చూస్తావు? బాబాయికి సంతకం నేర్పిందెవరు? నేనే కదా. ఆదివారం ప్రార్థనయ్యాక, చర్చి వెనక రేకుల షెడ్డులో, వేలు పట్టుకుని దిద్దించేను. నా రాతే ఆయన రాతయింది. ఆయన పెట్టినా నేను పెట్టినా ఒకేలా ఉంటుంది.

అర్థమైందా?

బాబాయి పెట్టనన్నాడు. మూడుసార్లు వెళ్ళేను. "నా బతుకు ఆ గట్టు మీదే ఉంది ప్రసన్నా, నన్నొదిలెయ్యమ్మా" అని దండం పెట్టేడు. నాకేమో పట్టుదల. చెరువు మీద పనిచేసేవాడే సంతకం పెడితే ఇంక కాదనేదెవరు? గెలిచేక ఆయనే సంతోషిస్తాడులే అనుకున్నాను. నేనే పెట్టేసేను. ఆ మొదటి గడి ఆయన కోసమే ఖాళీగా ఉంచేను కూడాను.

ఆగు, లేవకు. ఇంకా ఉంది.

ఆయనకి తెలుసు. పని పోయిన రోజు తిన్నగా ఇక్కడికే వచ్చేడు. ఇదే బల్ల మీద కూచున్నాడు. నేను నోరు తెరిచేలోపే, "కాదంటే నీ మీద కేసు పెడతారు కదమ్మా, అందుకని నాదే అన్నాను" అన్నాడు. మళ్ళీ తనే, "నాకంటే బాగా పెట్టేవు" అని నవ్వేడు. మంచినీళ్ళడిగి తాగి వెళ్ళిపోయేడు.

అప్పుడే గోవిందరాజులు గారి దగ్గరికెళ్ళి, నేనే పెట్టేనండి అని చెప్పుంటే? పని మిగిలేదేమో. మనిషి మిగిలేవాడేమో. ఆయన చెట్టెక్కేలోపు నాకు నెల పైన టైము దొరికింది. చెప్పలేదు. అర్జీ చెల్లదనీ, అరవై మంది కష్టం పోతుందనీ నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. భయమేసింది పిన్నీ. జైలంటే భయమేసింది.

రేపు ముందు నిన్నే పిలుస్తారు. కాదంటే అర్జీ పోతుంది, నేనూ పోతాను, నీ పని నీకొస్తుంది. ఔనంటే నా అబద్ధం నువ్వు మోస్తావు, బాబాయి మోసినట్టే. ఏం చెప్పమనీ నేనడగను. అడిగే మొహం లేదు.

అదిగో, ఆకాష్ మళ్ళీ ఫోను. ఫ్లెక్సీ షాపు కట్టేసే టైమయిందంట. నువ్వే చెప్పు పిన్నీ, ఆ ఫోటో కింద ఏం రాయించమంటావు?